టీ విరామంలో ఎవరితో మాట్లాడాలి?

వన్యప్రాణి సంరక్షణ రంగంలో పనిచేసేవారి సమావేశాలలో ప్రసంగాలు పోగా మిగిలే వేళల గురించి, అంటే టీ విరామాలు, భోజనాలు, సాయంకాలపు పరిచయ కార్యక్రమాల గురించి, ఈ నెల నాలుగు ఉత్తరాలు వచ్చాయి. నాలుగూ తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచే రావడం వల్ల వాటిని ఒకచోట చేర్చాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇచ్చినందుకు మిగిలిన ముగ్గురూ మన్నించాలి. అందులోని సందేహం తిరుపతిలో జంతుశాస్త్రం బోధించిన ఇన్నేళ్లలో నా దగ్గరకు పదేపదే వచ్చినదే.

ప్రశ్న: నాది పలమనేరు దగ్గరి పల్లె. తిరుపతిలో పరిశోధన చేస్తున్నాను. కౌండిన్య అభయారణ్యం అంచున ఉన్న ఊళ్లలో ఏనుగుల వల్ల జరిగే పంట నష్టం నా అంశం. బెంగళూరులో జరిగే విద్యార్థుల సమావేశానికి నా పోస్టరు (పరిశోధనను ఒకే పెద్ద కాగితం మీద చూపేది) ఎంపికైంది. పోస్టరు గురించి నాకు భయం లేదు. కానీ కార్యక్రమ పత్రంలో ‘నెట్‌వర్కింగ్’ (పరిచయాలు పెంచుకోవడం) అని ఒకచోట, ‘మెంటార్లతో (మార్గదర్శకులతో) భోజనం’ అని మరోచోట గంటలకు గంటలు కేటాయించారు. ఇంగ్లీషు చదవగలను, రాయగలను. నలుగురిలో నిలబడి మాట్లాడాలంటే మాట తడబడుతుంది. ఆ వేళల్లో గదికి వెళ్లిపోతే నాకు వచ్చే నష్టం ఏమిటి సార్? ఉండిపోతే అంత పెద్దవాళ్లతో ఏం మాట్లాడాలి?
– ఒక పరిశోధక విద్యార్థిని, పలమనేరు

జవాబు: నష్టం ఉందమ్మా, అది నేరుగా మీ పరిశోధనకే వస్తుంది. ఎలాగో మీ ఏనుగులతోనే చెబుతాను.

చాలా కాలంగా ఏనుగులు లేని మన చిత్తూరు కొండలకు 1980ల నడుమ తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి గుంపులు వచ్చి చేరాయి. వాటిని దృష్టిలో పెట్టుకునే 1990లో సుమారు 357 చదరపు కిలోమీటర్ల కౌండిన్య అభయారణ్యాన్ని ఏర్పాటు చేశారు. ఆ అడవి రెండు రాష్ట్రాల సరిహద్దులను ఆనుకుని సాగుతుంది. ఈ రాత్రి మీ ఊరి రాగిచేను తొక్కిన గుంపు కొన్నాళ్లకు కృష్ణగిరి వైపో, కోలారు వైపో దాటిపోవచ్చు. మీ నోటు పుస్తకంలోని లెక్క మాత్రం సరిహద్దు రాయి దగ్గర ఆగిపోతుంది. అవతలి వైపు అదే గుంపును వెంబడించిన మనిషి దగ్గర మిగతా సగం లెక్క ఉంటుంది. ఆ సగం అచ్చయిన వ్యాసాల్లోకి రావడానికి ఏళ్లు పడుతుంది, కొన్నిసార్లు రాకుండానే పోతుంది. బెంగళూరులో ఆ మనిషి టీ కప్పు పట్టుకుని మీకు పది అడుగుల దూరంలో నిలబడి ఉండే అవకాశం చాలా ఉంది. మీరు గదిలో తలుపు వేసుకుంటే ఆ సగం లెక్క మీకు దక్కదు.

ఇది నేను ఊహించి చెబుతున్న మాట కాదు. నేను మొదటిసారి వెళ్లిన జాతీయ సమావేశంలో రెండు రోజులూ గోడ పక్కనే గడిపాను. తిరిగి వచ్చిన ఆరు నెలలకు ఒక పత్రికలో వ్యాసం చదువుతుంటే, నేను ఏడాదిగా తల బద్దలు కొట్టుకుంటున్న ప్రశ్నకు అందులో జవాబు కనిపించింది. దాన్ని రాసిన ఆయన ఆ రెండు రోజులూ నాతో ఒకే వరుసలో కూర్చున్నారు. ఆ ఏడాది నష్టం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నిర్వాహకులు కూడా ఈ వేళలను కాలక్షేపం కోసం పెట్టరు. కేంబ్రిడ్జిలో 2000లో మొదలైన విద్యార్థుల సంరక్షణ శాస్త్ర సమావేశానికి సోదర సమావేశంగా బెంగళూరులో 2010లో స్టూడెంట్ కాన్ఫరెన్స్ ఆన్ కన్జర్వేషన్ సైన్స్ మొదలైంది. అక్కడ పరిశోధన పత్రాలు చదివేది విద్యార్థులే. పెద్దలు వినడానికి, సలహా ఇవ్వడానికి వస్తారు. అమెరికాలో 1937లో ఏర్పడిన ది వైల్డ్‌లైఫ్ సొసైటీ తన వార్షిక సమావేశంలో విద్యార్థి బృందాలకు క్విజ్ పోటీ కూడా నిర్వహిస్తుంది. కొత్తవారు ఒంటరిగా మిగిలిపోకూడదన్న ఆలోచన ఈ ఏర్పాట్లన్నిటిలోనూ ఉంది. కాబట్టి మీరు వెళ్లి పలకరిస్తే ఎవరి సమయాన్నీ దొంగిలించినట్లు కాదు. ఆ సమయం మీ కోసమే పెట్టినది.

ఇక ఏం మాట్లాడాలి అన్నది. సమావేశంలో చదవబోయే పత్రాల సారాంశాల పుస్తకం ముందుగానే వస్తుంది. దాన్ని ఒక సాయంత్రం కూర్చుని పూర్తిగా చదివి, ఐదుగురి పేర్లు గుర్తుపెట్టుకోండి. పేరున్నవారినే ఎంచుకోకండి, మీ పనికి ఎవరి పని తగులుతుందో వారిని ఎంచుకోండి. ఏనుగుల మీద పనిచేసే ప్రసిద్ధ శాస్త్రవేత్త చుట్టూ ఎప్పుడూ పదిమంది ఉంటారు. హోసూరు వైపు పల్లెల్లో రెండేళ్లుగా రాత్రులు మేల్కొన్న మీ ఈడు విద్యార్థి చుట్టూ ఎవరూ ఉండరు. మీకు ఎక్కువ ఉపయోగపడేది ఆ రెండో మనిషి. వీలైతే వారం ముందే ఆ ఐదుగురికీ నాలుగు వాక్యాల ఉత్తరం ఈమెయిల్లో పంపండి: మీరు ఎవరు, ఎక్కడ పనిచేస్తున్నారు, వారి పనిలో ఏ సంగతి అడగాలనుకుంటున్నారు, ఏ రోజు టీ వేళ కలవగలరు. అలా రాస్తే అక్కడికి వెళ్లేసరికి మీరు ముక్కూమొహం తెలియని మనిషి కారు.

పలకరించినప్పుడు పొగడ్తతో మొదలుపెట్టకండి. ‘మీ వ్యాసాలన్నీ చదివానండీ’ అంటే అవతలివారు కృతజ్ఞతలు చెప్పడం తప్ప మరేమీ చేయలేరు, సంభాషణ అక్కడే ముగుస్తుంది. దానికి బదులు, పనిలో మీకు నిజంగా అడ్డుపడిన ప్రశ్న ఒకటి అడగండి. ‘మా వైపు కందకం తవ్వితే ఏనుగులు గట్టును కాళ్లతో తోసి పూడ్చుకుని అదే దారిన వచ్చాయి, మీ దగ్గర దారి మార్చుకున్నాయా?’ అని అడిగి చూడండి. ‘సోలార్ కంచెకు దంతం తగిలితే షాకు కొట్టదని మా మగ ఏనుగు నేర్చుకుంది, మీ రైతులు ఏం చేస్తున్నారు?’ అనండి. ఇలాంటి ప్రశ్న విన్న క్షేత్ర పరిశోధకుడు చేతిలోని కప్పు పక్కన పెట్టి మీ వైపు తిరుగుతాడు. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం మన రాష్ట్రానికి ఇచ్చిన కుంకీ ఏనుగులు (అడవి ఏనుగులను తరమడానికి శిక్షణ ఇచ్చినవి) మీ పలమనేరు దగ్గరి శిబిరానికే వచ్చాయి కదా, వాటి గురించి మిమ్మల్ని అడిగేవారు కూడా తప్పకుండా ఉంటారు. మీరు చూసింది చూసినట్లు చెప్పండి, చూడనిది చూడలేదనండి.

భాష సంగతి ఆఖరున చెబుతున్నాను కానీ, మీకు ఇది భారం కాదు, బలం. పలమనేరు, కుప్పం వైపు పుట్టినవారికి తెలుగుతో పాటు తమిళమో, కన్నడమో, ఒక్కోసారి రెండూ నోట ఆడుతూ ఉంటాయి. బెంగళూరు సమావేశానికి వచ్చేవారిలో ఆ మూడు భాషల్లో ఏదో ఒకటి తెలిసినవారు ఎందరో ఉంటారు. మీ పనిని గురించి ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు తయారుచేసుకుని, హాస్టల్ గదిలో పైకి పదిసార్లు చెప్పుకోండి. పోస్టరు దగ్గరకు వచ్చిన ప్రతివారికీ ఆ నాలుగు వాక్యాలు చెప్పి, ఆ తర్వాత ‘తమిళంలో చెప్పనా?’ అని అడగడంలో చిన్నతనం లేదు. సరిహద్దు గ్రామాల రైతుల మాట మూడు భాషల్లో విని అర్థం చేసుకోగల పరిశోధకురాలు ఆ గదిలో ఎంతమంది ఉంటారో మీరే చూస్తారు.

మెంటార్లతో భోజనానికి తప్పక వెళ్లండి. అక్కడ ఉద్యోగం అడగవద్దు. మీ పద్ధతిలో లోపం ఎక్కడ ఉందో అడగండి. రైతు చెప్పిన నష్టాన్ని మీరు చేను కొలిచి సరిచూశారా, లేక మాట మీద రాసుకున్నారా అని వారు మిమ్మల్నే అడగవచ్చు, దానికి సిద్ధంగా ఉండండి. ఎవరితోనైనా పది నిమిషాలకు మించి నిలబడితే, ఇతరులకు అవకాశం ఇస్తానని చెప్పి మర్యాదగా సెలవు తీసుకోండి. ఆ రాత్రి పడుకునే ముందు ఎవరికి ఏం పంపుతానని మాట ఇచ్చారో రాసి పెట్టుకుని, ఊరు చేరిన వారంలోగా పంపండి. ఈ ఒక్క పని చేసేవారు చాలా తక్కువ, అందుకే చేసినవారిని ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు.

ప్రశ్న: నేను అటవీ శాఖలో కింది స్థాయి ఉద్యోగిని. ఇరవై రెండేళ్లుగా తలకోన, మామండూరు వైపు శేషాచలం అడవుల్లో తిరుగుతున్నాను. ఆమధ్య తిరుపతిలో ఒక సంస్థ జరిపిన సమావేశానికి మమ్మల్ని కూడా పిలిచారు. భోజనాల దగ్గర శాస్త్రవేత్తలు ఒక వైపు, మేము ఒక వైపు నిలబడి తిని వచ్చేశాం. వారు చూపించిన ఫోటోల్లోని చోట్లన్నీ మేము తీసుకెళ్లి చూపించినవే. ఇంకోసారి పిలిస్తే వెళ్లాలా, వెళ్తే ఏం మాట్లాడాలి?
– తిరుపతి నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరం చదివి నాకు చాలా కష్టం కలిగింది. ముందుగా ఒక మాట మీకు కాదు, అలాంటి సమావేశాలు పెట్టేవారికి చెప్పాలి. కలివికోడి కథ వారికి తెలియనిది కాదు. 19వ శతాబ్దంలో బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త జెర్డాన్ శాస్త్రలోకానికి తెలియజేసిన ఆ పక్షి 1900 తర్వాత ఎవరి లెక్కలోనూ లేకుండా పోయింది, అంతరించిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ కడప జిల్లా పల్లెల్లో విచారిస్తూ తిరిగితే, 1986 జనవరిలో దాన్ని రాత్రివేళ పట్టి తెచ్చింది స్థానికుడైన ఒక వేటగాడు. దాని కోసమే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. పుస్తకాలు లేదన్న పక్షి ఆ ఊరివాళ్లకు కలివికోడి అన్న పేరుతో తెలుసు. ఇంత చరిత్ర ఉన్న గడ్డ మీద అడవి తిరిగినవారిని భోజనాల దగ్గర పక్కకు నిలబెట్టడం మర్యాద తప్పడమే కాక, విజ్ఞానానికి కూడా నష్టం.

మీరు తప్పకుండా వెళ్లండి. వెళ్లేటప్పుడు జేబులో ఒక చిన్న నోటు పుస్తకం ఉంచుకోండి. ఏ బండ మీద బంగారు బల్లి గుడ్లు గుంపుగా అతికించి ఉండగా చూశారు, ఏ నెలలో చూశారు. నిప్పు పడ్డ కొండ మీద సైకస్ బెడ్డోమీ మొక్క మళ్లీ ఎన్ని రోజులకు ఆకు వేసింది. ఏ కుంట ఏ ఏడాది ముందుగా ఎండిపోయింది: ఇవి మీ దగ్గర తప్ప మరెక్కడా ఉండవు. శేషాచలం 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతమైంది, అక్కడ పనిచేయడానికి వచ్చే విద్యార్థులు సాధారణంగా రెండు మూడు ఏళ్లే ఉంటారు. ఇరవై రెండు ఎండాకాలాలు వరుసగా చూసింది మీరు. కాబట్టి మాట మొదలుపెట్టడానికి ఇంగ్లీషు అక్కరలేదు. ‘సార్, మీరు చెప్పిన చోట పోయిన ఏడాది నేను ఇలా చూశాను’ అని తెలుగులో అనండి. వారికి తెలుగు రాకపోతే పక్కనున్న విద్యార్థిని పిలిచి చెప్పించమనండి. చివరలో ఒక మాట అడగండి: ‘నేను బీటులో తిరిగేటప్పుడు మీకు ఏది రాసిపెడితే ఉపయోగం?’ ఆ ప్రశ్నకు జవాబు ఇచ్చిన మనిషి మళ్లీ మీ దగ్గరకు రాక తప్పదు. మీరు చూపించిన చోట తీసిన ఫోటో, మీరు చెప్పిన సంగతి వ్యాసంలో వాడితే మీ పేరు కృతజ్ఞతల్లో రాయమని ముందుగానే నిస్సంకోచంగా అడగండి, అది మీ హక్కు.

అయితే చెప్పకూడనివి కొన్ని ఉన్నాయి, వాటి విషయంలో మీ కంటే విద్యార్థులే ఎక్కువ పొరపాటు పడుతున్నారు కనుక అందరికీ కలిపి చెబుతున్నాను. గస్తీ దారులు, కెమెరా ట్రాపులు పెట్టిన చోట్లు, ఎర్రచందనం చెట్లు దట్టంగా ఉన్న లోయలు, నక్షత్ర తాబేళ్లు కనబడే గుట్టలు, ఇవి విందు బల్ల దగ్గర మాట్లాడుకునే సంగతులు కావు. నక్షత్ర తాబేలును పెంపుడు జంతువుగా అమ్ముకునే అక్రమ వ్యాపారం ఎంత పెరిగిందంటే, 2019లో జెనీవాలో జరిగిన సైటిస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) సదస్సులో దాన్ని అత్యంత కట్టుదిట్టమైన మొదటి అనుబంధంలోకి మార్చారు. ఫోనులో ఫోటో చూపించి, అడిగారు కదా అని ఈమెయిల్లోనో, వాట్సాప్‌లో డాక్యుమెంటుగానో పంపేటప్పుడు, ఆ ఫోటోలో చోటు వివరం దాగి ఉండవచ్చు. పంపేముందు ఆ ఫోటో వివరాల్లోంచి లొకేషన్ తీసివేయండి. ‘ఎక్కడ చూశారు?’ అని అడిగితే ‘శేషాచలంలో’ అనడం చాలు. అంతకు మించి అడిగేవారిని మీ శాఖ అనుమతి పత్రంతో రమ్మనండి. మంచి పరిశోధకులు ఈ మాటకు నొచ్చుకోరు.

ప్రశ్న: మా అమ్మాయి వన్యప్రాణి శాస్త్రం చదువుతోంది. వేరే రాష్ట్రంలో సమావేశానికి వెళ్తానంటోంది. రాత్రి విందులు, పాటలు, ఆటలు కూడా ఉంటాయట. చదువు కోసం వెళ్తే ఇవన్నీ ఎందుకు? పంపాలా వద్దా?
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: పంపండమ్మా. మీ ఆందోళన అర్థమైంది, దానికి తగిన జాగ్రత్తలు కూడా ఉన్నాయి. మంచి సమావేశాలన్నీ ప్రవర్తన నియమావళి ముందుగానే ప్రకటిస్తాయి. అది ఉందో లేదో అమ్మాయిని చూడమనండి. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలో, పనిచోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. ఆ కమిటీలో ఎవరిని సంప్రదించాలో వెళ్లకముందే అడిగి రాసుకోవచ్చు. బస ఎక్కడ, తోడు ఎవరు, రాత్రి విందు నుంచి గదికి వాహనం ఉందా అన్నవి కనుక్కోండి. విందులో మద్యం ఉన్నా, మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడినవారిని ఎవరూ తప్పుపట్టకూడదు, తప్పుపట్టేవారి దగ్గర నిలబడవలసిన అవసరమూ లేదు. తొమ్మిదింటికి సెలవు తీసుకుని వచ్చేసినా ఏ అవకాశమూ పోదు. అసలైన పరిచయాలు ఎక్కువగా ఉదయం ఇడ్లీల దగ్గర, టీ దగ్గర అవుతాయి. అమ్మాయి రోజూ ఎవరిని కలిసిందో ఫోనులో మీరు అడగండి. అనుమానంతో అడిగినట్లు కాకుండా, ఆమె పని తెలుసుకోవాలన్న ఆసక్తితో అడగండి.

ప్రశ్న: మా కళాశాలలో వన్యప్రాణి సంరక్షణపై రెండు రోజుల సమావేశం పెట్టబోతున్నాం. మొదటి రోజు సాయంత్రం ఆర్కెస్ట్రా, రెండో రోజు శ్రీవారి దర్శనం, జూపార్కు సందర్శన అనుకున్నాం. పరిచయాలు పెరగడానికి ఇంకేమైనా చేయవచ్చా?
– ఒక అధ్యాపకుడు, తిరుపతి

జవాబు: ఆర్కెస్ట్రా మానేయండి. పాటల మోతలో ఎవరి మాట ఎవరికీ వినబడదు, ఆ రెండు గంటలే పరిచయాలకు అసలైన సమయం. దర్శనం మన ఊరికి వచ్చినవారికి ఎలాగూ ఉండే కోరిక. దాన్ని కార్యక్రమంలో కలపకుండా, ఒక రోజు ముందో తర్వాతో వెళ్లేలా సహాయం చేయండి. క్యూలో గడిచే సమయం ఎంతో ముందుగా చెప్పలేం, సమావేశం దానితో చెదిరిపోతుంది.

ఆ సాయంత్రం ఐదారు బల్లలు వేసి, ఒక్కో బల్ల మీద ఒక్కో విషయం పేరు తెలుగులో రాసి పెట్టండి. ఒక బల్ల అలిపిరి నడకదారిదై ఉండాలని నా కోరిక. 2023 ఆగస్టులో ఆ దారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలైన సంగతి ఊరు ఇంకా మరిచిపోలేదు. అటవీ శాఖవారు, తిరుమల తిరుపతి దేవస్థానం అటవీ విభాగంవారు, చిరుతల మీద పనిచేసిన పరిశోధకులు, మెట్ల పక్కన దుకాణం పెట్టుకున్నవారు, రోజూ కాలినడకన కొండెక్కే భక్తులు ఒకే బల్ల చుట్టూ గంటసేపు కూర్చుని టీ తాగిన సందర్భం ఎంత అరుదో ఆలోచించండి. దుకాణం పారేసిన తిండికి కుక్కలు, పందులు చేరితే వాటి కోసం చిరుత వస్తుందన్న సంగతి శాస్త్రవేత్త చెప్పడం ఒకటి, దుకాణదారుడే తాను చూసింది చెప్పడం ఒకటి. ఇంకొక బల్ల పులికాట్ సరస్సుకు, నేలపట్టు పక్షుల అభయారణ్యానికి ఇవ్వండి. 2022 జిల్లాల విభజన తర్వాత అవి మన తిరుపతి జిల్లాలోనివే. నేలపట్టు చెరువులో కడప అనే జాతి చెట్ల మీద గూడబాతులు పిల్లలను పెంచుతుంటే, పక్షుల రెట్ట కలిసిన నీరు పొలానికి బలమని నమ్మి వాటిని కాపాడుకుంటున్న ఊరివాళ్లు ఉన్నారు. వారిలో ఇద్దరిని ప్రయాణ ఖర్చులిచ్చి పిలవండి.

జూపార్కు సందర్శనను పగటిపూట కాకుండా తెల్లవారుజామున పక్షులను చూసే నడకగా ఏర్పాటు చేయడానికి అనుమతి అడగండి. 1987లో ప్రారంభమైన శ్రీ వేంకటేశ్వర జంతుప్రదర్శనశాల ఐదువేల ఎకరాలకు పైగా విస్తరించింది, కొండ అంచున పక్షులకు లోటు లేదు. ఎనిమిదేసి మందిని ఒక జట్టుగా చేసి, ప్రతి జట్టులో ఒక విద్యార్థి, ఒక అటవీ ఉద్యోగి, బయటి నుంచి వచ్చిన ఒక అతిథి తప్పనిసరిగా ఉండేలా చూడండి. పక్కపక్కన నడిచేవారికి ముఖాముఖి నిలబడేవారికున్న బెరుకు ఉండదు. రాత్రిపూట దేవాంగ పిల్లిని (పెద్ద కళ్లున్న, రాత్రి తిరిగే చిన్న ప్రాణి, పిల్లి కాదు) చూపించమని అతిథులు అడుగుతారు. అనుమతి లేకుండా అడవిలోకి తీసుకెళ్లవద్దు. అనుమతి ఉన్నా ఎర్రని కాంతి తప్ప తెల్లని టార్చి, ఫ్లాష్ వాడనివ్వవద్దు, దాని కళ్లు ఆ వెలుగును భరించలేవు.

మెడలో వేసుకునే కార్డు మీద హోదా రాయకండి. పేరు, ఊరు, ‘నేను పనిచేసేది’ అన్న మాట కింద ఏనుగులా, తాబేళ్లా, చెట్లా అన్నది తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాలతో రాయండి. ప్లాస్టిక్ సీసాలు వద్దు. కొండ మీద నిషేధించిన వస్తువును కొండ కింద సంరక్షణ సమావేశంలో పంచడం బాగుండదు. నీళ్ల డ్రమ్ములు, స్టీలు గ్లాసులు చాలు. భోజనానికి గంటన్నర సమయం ఇవ్వండి, ప్రసంగాలు ఆలస్యమైతే ఆ గంటన్నర లోంచి కోయకండి, ప్రసంగం లోంచే కోయండి. వచ్చినవారి ఫోను నంబర్లు ఇతరులకు ఇవ్వడానికి సమ్మతి ఉందా అని నమోదు వేళే అడిగి, సమ్మతించినవారి జాబితాను వారం లోపు అందరికీ పంపండి. అందులో బీటులో తిరిగే ఉద్యోగుల పేర్లు, నేలపట్టు రైతుల పేర్లు ఆచార్యుల పేర్లతో కలిపి అక్షర క్రమంలో ఉండాలి.